వారంటీ దాటిన నాలుగు నెలలకు గేర్‌బాక్స్ పోయింది. కంపెనీ చేత ఖర్చు పెట్టించే దారి ఉందా?

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. మాది ఆటోమేటిక్ కారు, రెండు డ్రై క్లచ్‌లు ఉండే గేర్‌బాక్స్. కొని మూడేళ్ల నాలుగు నెలలైంది, తిరిగింది నలభై ఒక్క వేల కిలోమీటర్లు. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

పోయిన వారం మారేడుమిల్లి నుంచి తిరిగి వస్తుంటే రంపచోడవరం దాటాక డ్యాష్‌బోర్డు మీద గేరు గుర్తు మెరవడం మొదలైంది. బండి ఒకటో గేరు నుంచి మూడుకు, మూడు నుంచి ఐదుకు దూకుతోంది. రెండు, నాలుగు, ఆరు పడటం లేదు. టీ కోసం ఆగినచోట రివర్స్ కూడా పడలేదు. హోటల్ కుర్రాళ్లు నలుగురు వెనక్కి నెడితే తప్ప రోడ్డెక్కలేదు.

వర్క్‌షాప్ వారు మెకాట్రానిక్స్ యూనిట్ (క్లచ్‌లనూ గేర్లనూ నూనె ఒత్తిడితో నడిపే ఎలక్ట్రానిక్ భాగం) పోయిందన్నారు, క్లచ్ ప్యాక్ కూడా అరిగిందన్నారు. ఎస్టిమేట్ రెండు లక్షల పదివేలు. వారంటీ ముగిసింది కాబట్టి మొత్తం నేనే కట్టుకోవాలట.

నాకు మండుతున్నది ఇక్కడే. దేవీ చౌక్ ట్రాఫిక్‌లో ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణుకుతోందని మొదటి ఏడాది నుంచీ ప్రతి సర్వీసులో చెబుతూనే ఉన్నాను. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు. మరోసారి "ఈ గేర్‌బాక్స్ గుణమే అంత మేడమ్" అన్నారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోలేదు. ఎవరికైనా కంపెనీ నుంచి ఖర్చు రాబట్టిన అనుభవం ఉంటే చెప్పండి.

నిర్వాహకుడు

కొత్తగా వచ్చినవారికి గుర్తుచేస్తున్నాను: సొంత వివాదాల్లో కంపెనీ పేరు, షోరూమ్ పేరు, ఉద్యోగుల పేర్లు ఇక్కడ రాయకండి. బహిరంగంగా నమోదైన కేసులు, తీర్పుల గురించి పేర్లతో రాయవచ్చు.

పెన్నా_డ్రైవరు | నెల్లూరు

కటువుగా అనిపిస్తే క్షమించండి. డ్రైవింగ్ నేర్పేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఈ రకం గేర్‌బాక్స్ ఉన్న బండిని ఘాట్ రోడ్డులో బ్రేకు నొక్కకుండా యాక్సిలరేటర్ మీదే నిలబెట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను. లోపల క్లచ్ సగం పట్టుకుని సగం జారుతూ వేడెక్కుతుంది. చల్లబరచడానికి నూనె ఉండదు, గాలే దిక్కు. మూడేళ్లు అలా నడిపితే ఏ కంపెనీ క్లచ్ అయినా కాలిపోతుంది. ప్రతిదానికీ తయారీ లోపం అనేయడం అలవాటైపోయింది మనవాళ్లకు.

గోదావరి_గట్టు

అన్నగారూ, ఘాట్ ఎక్కింది మొన్న ఒక్కసారే. మిగతా కాలమంతా కాలేజీకి, ఇంటికి. వణుకు మొదలైనప్పుడు బండి పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు.

పాత_అడ్వైజర్ | విజయవాడ

వాదులాట తర్వాత. అమ్మా, జాబ్ కార్డులు ఉన్నాయా? ఇన్‌వాయిస్‌లు కాదు, జాబ్ కార్డులు. బండి లోపలికి తీసుకునేటప్పుడు మీ చేత సంతకం పెట్టించుకునే కాగితం. అందులో మీ ఫిర్యాదు ఏ మాటల్లో రాశారో అక్షరం పోకుండా ఇక్కడ పెట్టండి. అది చూడకుండా ఎవరు ఏం చెప్పినా గాలిలో మాటే.

గోదావరి_గట్టు

అన్నీ దాచాను. మా ఇంట్లో కరెంటు బిల్లులు కూడా పారేయం.

మొదటి ఏడాది సర్వీసు: "జనరల్ చెకప్. పికప్ తక్కువ." (నేను చెప్పింది వణుకు. ఆయన రాసింది పికప్.)

రెండో ఏడాది: "ట్రాఫిక్‌లో 1–2 గేరు మధ్య జర్కులు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయబడింది. టెస్ట్ డ్రైవ్ ఓకే."

మూడో ఏడాది, వారంటీ ముగియడానికి రెండు నెలల ముందు: "ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు, రివర్స్ ఆలస్యంగా పడుతోంది. ఏ లోపమూ కనిపించలేదు."

పాత_అడ్వైజర్ | విజయవాడ

మొదటిది పనికిరాదు. రెండోది పనికొస్తుంది. మూడోది బంగారం.

ఎందుకో చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా సర్వీస్ అడ్వైజర్‌గా, అంటే బండ్లు తీసుకుని ఫిర్యాదులు రాసుకునేవాడిగా, ఆ కౌంటరు అవతల కూర్చున్నవాణ్ణి. వారంటీ పని చేస్తే వర్క్‌షాప్‌కు కంపెనీ ఇచ్చే కూలి, కస్టమర్ జేబులోంచి వచ్చే కూలి కంటే తక్కువ. పైగా పాత పార్టు దాచాలి, ఫొటోలు పంపాలి. కంపెనీ ఆడిట్‌లో క్లెయిమ్ కొట్టేస్తే ఆ డబ్బు డీలరు ఖాతాలోంచే పోతుంది. అందుకే స్కానర్‌లో ఎరర్ కోడ్ కనిపించకపోతే "లోపం కనిపించలేదు" అని రాసి పంపించడమే అడ్వైజర్‌కు క్షేమం. అందులో కుట్రేమీ లేదు. అతని జీతం అలా కట్టారు, అంతే.

కానీ ఆ మూడో కార్డులో "రివర్స్ ఆలస్యంగా" అన్న మాట ఉంది చూశారా? సాధారణంగా ఈ గేర్‌బాక్స్‌లో ఒక క్లచ్ బేసి గేర్లను చూసుకుంటుంది. సరి గేర్లు, రివర్స్ రెండో క్లచ్ వైపు ఉంటాయి. ఇప్పుడు పోయినవి సరిగ్గా అవే. అంటే వారంటీ లోపల మీరు చెప్పిన జబ్బు, వారంటీ తర్వాత బండిని నిలబెట్టిన జబ్బు ఒకటే. మీ వాదన మొత్తం ఇంతే. ఇంకేమీ కలపకండి.

ఇప్పుడు మూడు పనులు. స్కానర్ రిపోర్టు ప్రింటు అడగండి. ఎరర్ కోడ్ ఏది, అది మొదట ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైంది, ఆ క్షణంలో వేడి ఎంత ఉంది అనేవి చాలా బండ్లలో దొరుకుతాయి. కోడ్‌లు చెరిపేయవద్దని రాతపూర్వకంగా చెప్పండి. మీ అనుమతి లేకుండా గేర్‌బాక్స్ దించవద్దని కూడా. ఆ తర్వాత కంపెనీ కస్టమర్ విభాగానికి మెయిల్ పంపి ఏరియా సర్వీస్ మేనేజర్ బండిని స్వయంగా చూడాలని కోరండి. వారంటీ బయట ఖర్చు భరించే అధికారం షోరూమ్‌కు ఉండదు. కాబట్టి షోరూమ్ మేనేజర్‌తో గొడవపడితే గొంతు ఎండటమే మిగులుతుంది.

డాలస్_దారి | డాలస్

"ఈ గేర్‌బాక్స్ గుణమే అంత" అన్న మాట ప్రపంచమంతా తిరిగిందండీ. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అని ఇలాంటి డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ ఫియెస్టా, ఫోకస్ కార్లలో వచ్చింది. ఆస్ట్రేలియాలో వణుకు గురించి ఫిర్యాదు చేసినవారిలో కొందరికి అది మీరు నడిపే తీరు వల్లే అని చెప్పారు. అసలు సమస్య గేర్‌బాక్స్‌లో ఉందని తెలిసీ అలా చెప్పడం అన్యాయమని అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకు వెళ్లింది. 2018లో ఫెడరల్ కోర్టు ఒక కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అమెరికాలో అదే గేర్‌బాక్స్ క్లచ్‌కు ఫోర్డ్ వారంటీని ఏడేళ్లు లేదా లక్ష మైళ్లకు పొడిగించింది. గేర్‌బాక్స్‌ను నడిపించే కంట్రోల్ మాడ్యూల్‌కు పదేళ్లు, లక్షా యాభై వేల మైళ్లు. చైనాలో ఫోక్స్‌వ్యాగన్ తన డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఇలాంటి డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సే) మీద వారంటీని పదేళ్లకు పెంచింది. మరుసటి ఏడాది, 2013లో, అక్కడి ప్రభుత్వ టెలివిజన్ కార్యక్రమం తర్వాత మూడు లక్షల ఎనభై వేలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది.

ఇక్కడ లెమన్ చట్టాలు (ఎంత రిపేరు చేసినా బాగుపడని కార్లు కొన్నవారిని కాపాడే చట్టాలు) ఉన్నాయి కాబట్టి కంపెనీలు కొంత భయపడతాయి. కాలిఫోర్నియాలో అయితే మొదటి పద్దెనిమిది నెలలు లేదా పద్దెనిమిది వేల మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరు చేసినా బాగుపడకపోతే, లేదా మొత్తం ముప్పై రోజులకు మించి బండి షెడ్డులోనే ఉంటే, కంపెనీ కారును వెనక్కి తీసుకోవాలన్న వాదన మీ వైపు మొగ్గుతుంది. అక్కడా మొదట అడిగేది రిపేరు కాగితాలే.

పెన్నా_డ్రైవరు | నెల్లూరు

ఆస్ట్రేలియా కేసు నాకు తెలియదు, బాగుంది. కానీ నా మాట నేను వెనక్కి తీసుకోను. రేపు ఏరియా మేనేజర్ వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఎలా నడుపుతారు" అనే. అందుకని ఆమె తయారుగా ఉండాలి. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు ఉంటుందా, ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు వాడతారా, ఇవన్నీ తడబడకుండా చెప్పాలి. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడపండి. వేరే బండి అయినా సరే, నడిపే తీరు ఆయనే చూస్తాడు.

గోదావరి_గట్టు

ఇది మంచి సలహా. థాంక్స్ అన్నగారూ.

ఆటోనగర్_రెంచి | విజయవాడ

నేను బయటి మెకానిక్‌ను, గేర్‌బాక్స్‌లే నా పని. మెకాట్రానిక్స్ యూనిట్ మొత్తం మార్చనక్కరలేదు చాలాసార్లు. లోపల ప్రెషర్ అక్యుములేటర్ (నూనె ఒత్తిడిని నిల్వచేసే భాగం) కూర్చునే చోట అల్యూమినియం హౌసింగ్ పగిలి నూనె ఒత్తిడి పడిపోతుంది, లేదా సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) ఒకటి ఇరుక్కుంటుంది, లేదా సర్క్యూట్ బోర్డు పోతుంది. షోరూమ్‌లో విప్పి చూడరు, మార్చేస్తారు. బయట అరవై, డెబ్బై వేలలో తేలిపోతుంది.

అయినా మేడమ్, బండిని ఇప్పుడే నా దగ్గరకు గానీ నాలాంటివాడి దగ్గరకు గానీ తీసుకురాకండి. నేను ఒక్క బోల్టు విప్పిన మరుక్షణం కంపెనీకి చేతులు కడుక్కునే వీలు దొరుకుతుంది. ముందు వాళ్ల సమాధానం కాగితం మీద తెచ్చుకోండి. కాదన్నారంటే అప్పుడు నా వంతు.

తాండూరు_నాపరాయి | తాండూరు

బయట ఆయిల్ మార్పించినా వారంటీ పోతుందని మా షోరూమ్‌లో బెదిరిస్తారు. నిజమేనా?

పాత_అడ్వైజర్ | విజయవాడ

2014లో కాంపిటీషన్ కమిషన్ ఈ విషయం మీదే పద్నాలుగు కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడం, బయట పని చేయిస్తే వారంటీ రద్దు అనడం, రెండింటినీ తప్పుపట్టింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. ఆచరణలో మాత్రం వారంటీ ఉన్నంత కాలం వాళ్ల దగ్గరే చేయించండి. హక్కు ఉందా లేదా అన్నది ఒకటి, క్లెయిమ్ సాఫీగా నడుస్తుందా అన్నది మరొకటి. ముఖ్యంగా హారన్, లైట్లు, స్టీరియో కోసం వైరింగ్ కోసి అతికిస్తే, ఏ ఎలక్ట్రికల్ క్లెయిమ్ వచ్చినా ఆ టేపు చుట్టిన జాయింటే ముందు ఫొటో తీస్తారు.

ఓరుగల్లు_వకీలు | హనుమకొండ

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. మెయిల్‌తో పని కాకపోతేనే ఇవి.

ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వదు. కానీ చాలా కంపెనీలు ఆ ఫిర్యాదులకు జవాబిచ్చేందుకు ప్రత్యేకంగా మనుషులను పెట్టుకున్నాయి. షోరూమ్‌లో నెలలు పట్టే జవాబు కొన్నిసార్లు అక్కడ త్వరగా వస్తుంది.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయే. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన మేలు ఇది. ఫీజు నామమాత్రం: 10 నుంచి 20 లక్షల మధ్య ధర అయితే 400 రూపాయలు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. తయారీ కంపెనీని, డీలర్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవారిదని చెప్పి తప్పించుకుంటారు.

చాలామంది కొత్త చట్టంలో "ప్రొడక్ట్ లయబిలిటీ" అధ్యాయం చూసి ఎగిరి గంతేస్తారు. జాగ్రత్త. ఆ అధ్యాయం లోపం వల్ల మనిషికి గాయమైనా, వేరే ఆస్తి పాడైనా వర్తిస్తుంది. వస్తువు తానే పాడైతే ఆ నష్టం దాని కిందికి రాదని నిర్వచనంలోనే ఉంది. మీ గేర్‌బాక్స్ కేసు వస్తులోపం, సేవాలోపం కింద నడవాలి. ఈ తేడా తెలియక రాసిన ఫిర్యాదులు కొన్ని చూశాను, అవతలి లాయరుకు పండగ.

చివరిగా, "తయారీ లోపం" అని మనం అంటే సరిపోదు. నిపుణుడి నివేదిక అడుగుతారు. చట్టం ప్రకారం కమిషనే తగిన ప్రయోగశాలకు పంపించవచ్చు, దాని ఖర్చు మొదట ఫిర్యాదుదారు డిపాజిట్ చేయాలి. అందుకే పాత_అడ్వైజర్ గారు చెప్పిన స్కానర్ రిపోర్టు విలువైనది. వారంటీ లోపల చెప్పిన లోపాన్ని సరిచేయకుండా పంపించి, గడువు ముగిశాక వారంటీ లేదంటున్నారన్నది కమిషన్ ముందు బలంగా నిలిచే వాదన.

సన్‌రూఫ్_చినుకు | హైదరాబాద్

అసలు రిపేరు ఎందుకు, కొత్త కారే ఇవ్వమని అడగకూడదా? మూడేళ్లు ఏడిపించారుగా!

ఓరుగల్లు_వకీలు | హనుమకొండ

అడగవచ్చు. దక్కడం కష్టం. 2006లో మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వారంటీ షరతు పాడైన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం అయితే, ఏకంగా కారునే మార్చమనడం కుదరదని.

దానికి అవతలి ఒడ్డున 2022 నాటి హ్యుందాయ్ కేసు ఉంది. ఢిల్లీ–పానిపట్ రహదారిలో ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢీకొన్న బలం సరిపోలేదని కంపెనీ వాదించింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కరలేదని సుప్రీంకోర్టు తోసిపుచ్చి, కారు మార్చి ఇవ్వమన్న ఆదేశాన్ని ఖాయం చేసింది. ప్రాణానికి సంబంధించిన భద్రతా లోపం, పైగా ఆ భద్రతను చూసే కారు కొన్నారు అన్నది అక్కడ తూకం మార్చింది. గేర్‌బాక్స్ వణుకుకు ఆ స్థాయి తీర్పు ఆశించి కేసు వేస్తే ఏళ్లు గడుస్తాయి. ఆమెకు కావలసింది తిరిగే బండి.

విశాఖ_తీరం | విశాఖపట్నం

కొంచెం పక్కకు వెళుతున్నాను, కానీ పాత కార్లు కొన్నవారికి పనికొస్తుంది. వారంటీ వేరు, రీకాల్ (లోపం ఉన్న బండ్లను బాగుచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం) వేరు. రీకాల్‌లో ఉన్న బండికి మరమ్మతు ఉచితం, అది ఎన్ని చేతులు మారినా సరే.

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు టకాటా అనే కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్‌లో ఉంది. ఉత్తరాలన్నీ మొదటి యజమాని చిరునామాకు పోయాయి. నాకు ఎలా తెలుస్తుంది? ఆర్సీ మీద ఉన్న పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే బయటపడింది. సాయంత్రానికల్లా పైసా తీసుకోకుండా మార్చి ఇచ్చారు.

టకాటా సంగతి మా ఊరివాళ్లకు మరీ ముఖ్యం. అందులో గ్యాస్ పుట్టించే అమ్మోనియం నైట్రేట్ వేడికి, గాలిలో తేమకు ఏళ్ల తరబడి గురైతే చెడిపోతుంది. అప్పుడు బ్యాగు తెరుచుకోవడం బదులు లోహపు గుల్ల పేలి ముక్కలు మొహానికి తగులుతాయి. అమెరికాలోనే ఆరు కోట్లకు పైగా ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగులోకి గ్యాస్ నింపే ఆ గుల్లలు) మార్చాల్సి వచ్చింది, టకాటా కంపెనీ 2017లో దివాలా తీసింది. సముద్రం పక్కన, ఉక్కపోతలో బతికే మనం అలాంటి బండిని వదిలేయకూడదు.

ఓరుగల్లు_వకీలు | హనుమకొండ

మంచి మాట చెప్పారు. దానికి ఒక కొస. 2021 ఏప్రిల్ వరకు మన దగ్గర రీకాల్ కంపెనీల ఇష్టం. 2012 నుంచి తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి ఒకటి ఉండేది, అంతే. 2019లో మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ చేర్చారు, నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు తగినన్ని ఫిర్యాదులు వస్తే కేంద్రమే రీకాల్‌కు ఆదేశించవచ్చు, ఏడేళ్ల లోపు బండ్లకు. కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా కూడా.

ఆ "తగినన్ని" అన్నదే చిక్కు. ఏటా పదివేలకు పైగా అమ్ముడయ్యే కారు మోడల్‌కు 1,250 ఫిర్యాదులు రావాలి. మనవాళ్లు వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటారు గానీ ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయరు. గ్రూపులో ఎంత అరిచినా అది లెక్కలోకి రాదు.

పాత_అడ్వైజర్ | విజయవాడ

రీకాల్ అని పేరు పెట్టకుండా "సర్వీస్ క్యాంపెయిన్" కింద నిశ్శబ్దంగా మార్చేవి కూడా ఉంటాయి. బండి సర్వీసుకు వస్తే చేస్తారు, రాకపోతే లేదు. "నా ఛాసిస్ నంబరు మీద పెండింగ్ క్యాంపెయిన్ ఏదైనా ఉందా?" అని ప్రతి సర్వీసులో అడగండి. సిస్టమ్‌లో చూస్తే తెలిసిపోతుంది. అడగనివారికి అడ్వైజర్ తనంతట తాను చెప్పడు, శనివారం రద్దీలో అసలు చెప్పడు.

గోదావరి_గట్టు

మెయిల్ రాశాను. పంపేముందు మొదటి పేరా ఇక్కడ పెడుతున్నాను, చూడండి:

"అయ్యా, కష్టార్జితంతో మీ కంపెనీ మీద నమ్మకంతో కారు కొన్నాను. మూడేళ్లుగా నేను పడిన మానసిక వేదన మాటల్లో చెప్పలేనిది. మీ సిబ్బంది నన్ను అడుగడుగునా మోసం చేశారు. కుటుంబంతో అడవిలో చిక్కుకుపోయి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం…"

పాత_అడ్వైజర్ | విజయవాడ

అమ్మా, రాత బాగుంది. కానీ ఆ మెయిల్ చదివేవాడు రోజుకు అలాంటివి ఎన్నో చదివినవాడు. "మోసం" అన్న మాట కనిపించగానే దాన్ని లీగల్ విభాగానికి తోసేస్తాడు, అక్కడ కదలదు. ఇలా పెట్టి చూడండి:

"ఛాసిస్ నంబరు ఇది. కొన్న తేదీ ఇది. అన్ని సర్వీసులూ మీ అధీకృత వర్క్‌షాప్‌లోనే జరిగాయి. వారంటీ అమల్లో ఉండగా రెండు జాబ్ కార్డులలో (నకళ్లు జతచేశాను) 1–2 గేరు మధ్య వణుకు, రివర్స్ ఆలస్యం నమోదయ్యాయి. లోపం సరిచేయలేదు. ప్రస్తుతం సరి గేర్లు, రివర్స్ పూర్తిగా పనిచేయడం లేదు, స్కానర్ రిపోర్టు జతచేశాను. వారంటీలో నమోదైన లోపమే ఇది కాబట్టి మెకాట్రానిక్స్ యూనిట్, క్లచ్ ప్యాక్ మార్పిడి ఖర్చు కంపెనీ భరించాలని కోరుతున్నాను. మీ ఏరియా సర్వీస్ మేనేజర్ తనిఖీ తేదీ తెలియజేయండి. అంతవరకు గేర్‌బాక్స్ విప్పవద్దని వర్క్‌షాప్‌కు రాతపూర్వకంగా తెలిపాను."

అంతే. మారేడుమిల్లి వద్దు, అడవి వద్దు. వారంటీ బయట కంపెనీ దయతలచి ఇచ్చే సాయాన్ని మా రోజుల్లో గుడ్‌విల్ అనేవాళ్లం. దానికి వాళ్లు చూసేవి వారంటీ ముగిసి ఎంతకాలమైంది, ఎన్ని కిలోమీటర్లు, సర్వీసు చరిత్ర, మొదటి యజమానేనా, ముందే ఫిర్యాదు ఉందా. అన్నిట్లోనూ మీ మార్కులు బాగున్నాయి. ఆ మార్కులు కళ్లకు కనిపించేలా ఉండాలి మెయిల్.

డాలస్_దారి | డాలస్

వివాదం తేలేదాకా పార్కింగ్ చార్జీలు పడతాయని వర్క్‌షాప్ అంటుంది, చూస్తూ ఉండండి. తనిఖీ కోసం ఆపి ఉంచామని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి.

గోదావరి_గట్టు

వాళ్లు అప్పుడే అన్నారు! రోజుకు మూడు వందలట. ఆ వాక్యం చేర్చి పంపించాను.

గోదావరి_గట్టు

తాజా సంగతి. ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చారు. పెన్నా_డ్రైవరు అన్నగారు చెప్పినట్టే మొదటి ప్రశ్న "బండి ఎలా నడుపుతారు మేడమ్". అదే మోడల్ డెమో కారు తెప్పించి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని దేవీ చౌక్ చుట్టూ తిప్పాను. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. స్కానర్ రిపోర్టులో కోడ్ మొదటిసారి ముప్పై ఎనిమిది వేల చిల్లర కిలోమీటర్ల దగ్గర పడి ఉంది. వారంటీ ఆఖరి నెలల్లో మీటరు అక్కడే ఉంది, మూడో జాబ్ కార్డు మీది రీడింగు దాని పక్కనే ఉంది. ఆయన ఫోన్లో ఫొటో తీసుకున్నారు.

ఈ రోజు మెయిల్ వచ్చింది: విడిభాగాల ఖర్చులో యాభై శాతం కంపెనీ, మిగతాది, కూలి నేను. ఒప్పుకోనా?

సన్‌రూఫ్_చినుకు | హైదరాబాద్

వద్దు! సగం ఇచ్చారంటే తప్పు ఒప్పుకున్నట్టే. కమిషన్‌కు వెళ్లండి.

పెన్నా_డ్రైవరు | నెల్లూరు

నేనైతే తీసుకుంటాను. కారు లేకుండా ఏడాదో రెండేళ్లో ఆటోల్లో తిరిగే ఖర్చు కూడా లెక్కవేయండి.

ఓరుగల్లు_వకీలు | హనుమకొండ

సగం ఇవ్వడం తప్పు ఒప్పుకోవడం కాదు. "సద్భావంతో మాత్రమే" అని ఆ మెయిల్‌లోనే ఎక్కడో రాసి ఉంటుంది చూడండి. అయినా మొదటి బేరానికే తల ఊపకండి. స్కానర్ రిపోర్టులో కోడ్ పడిన కిలోమీటర్లను, జాబ్ కార్డు మీది రీడింగును పక్కపక్కన పెట్టి, కోడ్ వారంటీ లోపలే నమోదైందని చూపిస్తూ ఒక్కసారి పునఃపరిశీలన కోరండి. అదే రోజు 1915లోనూ నమోదు చేసి, ఆ ఫిర్యాదు సంఖ్యను మెయిల్‌లో ప్రస్తావించండి.

పాత_అడ్వైజర్ | విజయవాడ

నేనూ అదే అంటాను. ఏరియా మేనేజర్ చేతిలో ఉండే అధికారం ఒక మేరకే. యాభై దాటితే పైవాళ్ల సంతకం కావాలి. ఆ సంతకం అడగడానికి ఆయనకు ఒక కాగితం కావాలి. ఆ కాగితం మీరివ్వండి.

గోదావరి_గట్టు

పని జరిగింది. మెకాట్రానిక్స్ యూనిట్ పూర్తిగా కంపెనీ ఖర్చు. క్లచ్ ప్యాక్ అరిగే వస్తువని వాదించి అందులో సగం నా మీద వేశారు. కూలి నాదే. మొత్తం మీద నా చేతినుంచి పోయేది నలభై రెండు వేలు. పార్కింగ్ చార్జీలు ఎత్తేశారు. వకీలు గారు మొత్తం రావాల్సిందే అంటారని తెలుసు, నాకు ఈ బేరం చాలు.

బండి ఇచ్చేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. "పూర్తి సంతృప్తితో, ఇకపై ఎటువంటి క్లెయిమ్ ఉండదని" అని ఉంది. పెట్టాలా?

ఓరుగల్లు_వకీలు | హనుమకొండ

అలాగే పెట్టకండి. "ఇకపై ఎటువంటి క్లెయిమ్ ఉండదు" అన్న వాక్యం కొట్టేసి, "ఈ మరమ్మతు వరకు మాత్రమే" అని మీ చేత్తో రాసి, పక్కన సంతకం, తేదీ వేయండి. కొట్టేసిన కాగితం ఫొటో తీసుకోండి. కుదరదంటే, ఆ సంగతి మెయిల్‌లో రాసి ఏరియా మేనేజర్‌ను అడగండి. రేపు అదే యూనిట్ మళ్లీ పోతే ఈ ఒక్క వాక్యం మీ కాళ్లకు అడ్డం పడుతుంది.

పాత_అడ్వైజర్ | విజయవాడ

కొత్త యూనిట్‌కు విడిగా పార్ట్ వారంటీ ఉంటుంది. ఎంతకాలమో, ఎన్ని కిలోమీటర్లో ఇన్‌వాయిస్ మీద రాయించుకోండి, నోటి మాట వద్దు. మీరు డబ్బు కట్టిన క్లచ్ ప్యాక్ పాతది కావాలంటే అడిగి తీసుకోవచ్చు. కంపెనీ ఖర్చుతో మార్చిన యూనిట్ మాత్రం ఇవ్వరు, అది వాళ్లకు వెనక్కి పోతుంది.

గోదావరి_గట్టు

కొట్టేసి సంతకం పెట్టాను, కిక్కురుమనలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రివర్స్ వెంటనే పడుతోంది.

సన్‌రూఫ్_చినుకు | హైదరాబాద్

శుభం! ఇప్పుడు నా సంగతి. వాన పడితే సన్‌రూఫ్ మూలల్లోంచి సీటు మీద చుక్కలు పడుతున్నాయి. వారంటీ ఇంకా మూడు వారాలే ఉంది. డ్రైయిన్ పైపు శుభ్రం చేశామని జాబ్ కార్డులో "వాటర్ వాష్" అని మాత్రం రాశారు.

నిర్వాహకుడు

దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి.

పాత_అడ్వైజర్ | విజయవాడ

పెట్టండి, వస్తాను. అయితే ముందు రేపు పొద్దున్నే వర్క్‌షాప్‌కు వెళ్లి "వాన నీరు సన్‌రూఫ్ ముందు ఎడమ మూలలోంచి డ్రైవరు సీటు మీదకు కారుతోంది" అని అడ్వైజర్ చేత రాయించుకుని, కిలోమీటర్ రీడింగుతో సహా కాపీ తీసుకుని రండి.